భూటాన్‌కి ఏ నెలలో వెళ్దాం?

రండి, ఇలా కుంపటికి దగ్గరగా జరిగి కూర్చోండి. చలి బాగా ముదిరింది. టీ వస్తోంది, వేయించిన పల్లీలు ఇంకా వేడిగానే ఉన్నాయి. ఇలాంటి సాయంత్రం ఊళ్ళ కబుర్లు చెప్పుకోకపోతే ఇంకెప్పుడు చెప్పుకుంటాం? ఇవాళ భూటాన్ గురించి మాట్లాడుకుందాం.

ఈమధ్య మనవాళ్ళు చాలామంది భూటాన్ ప్రయాణం పెట్టుకుంటున్నారు. వెళ్ళబోయేవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే మాట: “చిన్న దేశమే కదండీ, నాలుగు రోజులు చాలవూ?” దేశం చిన్నదే, కాదనను. 38 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. తెలంగాణలో మూడో వంతు అనుకోండి. జనాభా ఎనిమిది లక్షల లోపు. ఒక్క విజయవాడలోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. అయినా నేను మాత్రం ఆ మాటకి ఇంకో ప్రశ్న వేస్తాను. రోజుల లెక్క తర్వాత చూద్దాం, ముందు ఏ నెలలో వెళ్తున్నారో చెప్పండి అంటాను.

ఎందుకంటే అక్కడ దూరాన్ని అడ్డంగా కొలిస్తే ఏమీ అర్థం కాదు, నిలువుగా కొలవాలి. బెంగాల్ మైదానాన్ని ఆనుకుని ఉన్న ఫుంట్‌షోలింగ్ ఊరు సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంది. ఉత్తరాన టిబెట్ సరిహద్దు దగ్గరికి వెళ్ళేసరికి గాంగ్‌ఖర్ పుయెన్సమ్ శిఖరం 7,570 మీటర్లు. ఈ రెండింటి మధ్య ఉన్న నేలంతా దుప్పటిని ఒక పక్కనించి ముందుకు తోస్తే పడిన ముడతల్లా ఉంటుంది. కింది ముడతలో అరటి, నారింజ. ఆ పైన వరి. ఇంకా పైన బంగాళాదుంప, బక్‌వీట్. ఆ పైన జడలబర్రెల మేత బయళ్ళు. రాజధాని థింఫు నుంచి పునాఖాకి 75 కిలోమీటర్లకి మించదు. కానీ మూడు గంటలు పడుతుంది. 2,300 మీటర్ల థింఫులో బయలుదేరి 3,100 మీటర్ల దోచులా కనుమ ఎక్కి, అక్కణ్ణించి 1,200 మీటర్ల పునాఖాలోకి దిగాలి. జనవరిలో ఆ ఒక్క దారిలోనే పొద్దున్న మంచుమీద నడిచి, మధ్యాహ్నం స్వెట్టరు విప్పేసి నారింజచెట్ల పక్కన కూర్చోవచ్చు.

ఇలాంటి చోట అన్నీ ఋతువుని పట్టుకునే కదులుతాయి. చలికాలం వస్తే జడలబర్రెల కాపరులు పైనుంచి కిందికి దిగుతారు. టిబెట్ పీఠభూమి మీంచి కొంగలు వస్తాయి. దేశంలో అందరికంటే పెద్ద మఠాధిపతి జే ఖెంపో, ఆయన వెంట భిక్షువుల సంఘమంతా థింఫు వదిలి వెచ్చగా ఉండే పునాఖాకి మకాం మారుస్తారు. ఎండలు మొదలయ్యాక మళ్ళీ థింఫుకి తిరిగి వెళ్తారు. ఈ రాకపోకలు వందల ఏళ్ళుగా జరుగుతున్నవి. పక్షీ, పశువూ, మఠాధిపతీ కూడా నెల చూసుకుని బయలుదేరే దేశానికి మనం మాత్రం ఆఫీసులో సెలవు దొరికింది కదా అని వెళ్ళిపోతే ఎలా? అందుకే ముందు నెల సంగతి తేల్చుకుందాం.

వసంతంతో మొదలుపెడతాను. మార్చి, ఏప్రిల్, మే నెలలు. కొండలమీద రోడోడెండ్రాన్లు పూసే కాలం. భూటాన్‌లో ఈ జాతులు నలభైకి పైగా ఉన్నాయి. ఎరుపు, గులాబి, తెలుపు, లేత పసుపు. అన్నీ ఒకేసారి పూయవు. తక్కువ ఎత్తుల్లో ముందు పూస్తాయి, ఎండ ముదిరేకొద్దీ పూత పైకి ఎక్కుతూ పోతుంది. కాబట్టి పూలు చూడాలనుకునేవాళ్ళు మార్చిలో వెళ్తే కింది అడవులు, మేలో వెళ్తే కనుమలు చూసుకోవాలి. పారో నుంచి హా లోయకి పోయే దారిలో చెలెలా కనుమ ఉంది, దాదాపు 4,000 మీటర్లు. బండి అక్కడిదాకా వెళ్తుంది. ఒళ్ళు అలవకుండా అంత ఎత్తు చేరి పూల మధ్య కాసేపు నడవగలిగే చోటు ఇంకోటి దొరకడం కష్టం. దిగి పరుగెత్తకండి, నెమ్మదిగా నాలుగడుగులు వేయండి. ఆ ఎత్తులో గాలి పలచన, ఆయాసం వస్తుంది. మంచినీళ్ళ సీసా చేతిలో ఉండాలి. జూన్ దాకా ఆగగలిగితే ఆ కనుమల్లోనే వాళ్ళ జాతీయ పుష్పం నీలి పాపీ కనిపిస్తుంది. రాళ్ళ సందుల్లోంచి లేచి ఆకాశం రంగులో విచ్చుకునే పువ్వు.

వసంతంలోనే పారోలో త్సేచు అనే పెద్ద పండగ జరుగుతుంది. వాళ్ళ పంచాంగమూ మనలాగే చంద్రుణ్ణి బట్టి నడిచేది కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. సాధారణంగా మార్చి చివరా ఏప్రిల్ మధ్యా పడుతుంది. టిక్కెట్లు కొనేముందు ఆ ఏటి తేదీలు తప్పకుండా చూసుకోండి. పారో జోంగ్ దగ్గర రోజుల తరబడి ముసుగు నాట్యాలు చేస్తారు. జోంగ్ అంటే కోట, మఠం, కలెక్టరాఫీసు మూడూ ఒకే గోడల మధ్య ఉన్న కట్టడం. నాట్యం చేసేవాళ్ళలో భిక్షువులూ ఉంటారు, గృహస్థులూ ఉంటారు. ఎర్ర ముసుగులతో అత్సరలనే విదూషకులు జనం మధ్య తిరుగుతూ నవ్విస్తారు, అల్లరి చేస్తారు, తోపులాట లేకుండా గుంపుని సర్దుతారు. చూడటానికి వచ్చినవాళ్ళు కూడా చూడదగ్గవాళ్ళే. మగవాళ్ళు ఘో, ఆడవాళ్ళు కీరా, అందులోనూ పండగకి దాచుకున్న మంచి నేత బట్టలు. కుటుంబాలన్నీ ఇంట్లో వండుకున్న క్యారియర్లు తెచ్చుకుని గడ్డిమీద బంతి కూర్చుంటాయి.

చివరి రోజు తెల్లవారకముందే థోంగ్‌డ్రెల్ దింపుతారు. గోడ ఎత్తున ఉండే పట్టు చిత్రపటం అది, మధ్యలో గురు పద్మసంభవుడు. దాన్ని కళ్ళతో చూస్తే చాలు, పాపం పోతుందని వాళ్ళ నమ్మకం. ఎండ తగలకముందే మళ్ళీ చుట్టేసి లోపల పెట్టేస్తారు. వైకుంఠ ఏకాదశినాడు తెల్లవారుజామున ఉత్తర ద్వారం దగ్గర నిలబడ్డవాళ్ళకి ఆ జనం మనసు ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు. ఆ ఒక్క రోజు మూడింటికి అలారం పెట్టుకోండి. నిద్ర మరునాడు పోవచ్చు.

ఇక వర్షాకాలం. జూన్ నుంచి ఆగస్టు దాకా చాలామంది “వెళ్ళొద్దు” అంటారు. కారణాలు లేకపోలేదు. మబ్బులు కమ్మి మంచు శిఖరాలు కనబడవు. ఫుంట్‌షోలింగ్ నుంచి పైకి పోయే దారిలో కొండచరియలు విరిగిపడితే గంటలకొద్దీ ఆగాలి. అడవి దారుల్లో జలగలు పట్టుకుంటాయి. శిఖరాలు చూడాలని, ట్రెక్కింగ్ చేయాలని కోరిక ఉన్నవాళ్ళు ఈ నెలలు వదిలేయడమే మంచిది.

కానీ పొలం అంటే ఇష్టమున్నవాళ్ళకి నేను ఈ కాలమే చెప్తాను. ఈ కాలం మొదట్లో పారో, పునాఖా లోయల్లో వరినాట్లు పడతాయి. మెట్లు మెట్లుగా దిగే మళ్ళలో నీళ్ళు నిలబడి ఉంటాయి, ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తూ పాట ఎత్తుకుంటారు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళు అక్కడ గట్టుమీద నిలబడితే కాళ్ళు వాటంతటవే చెప్పులు విడిచేస్తాయి. అక్కడ పండేది ఎర్రబియ్యం. ఉడికాక లేత గులాబి రంగులో, కొంచెం జిగురుగా, గింజ రుచి తెలిసేలా ఉంటుంది. ఆగస్టులో అడవుల్లో మత్సుతాకే పుట్టగొడుగులు వస్తాయి. జపాన్ వాళ్ళు ప్రాణం పెట్టే పుట్టగొడుగు ఇది, భూటాన్ నుంచి అక్కడికి ఎగుమతి అవుతుంది. థింఫుకి దగ్గర్లో గెనెఖాలో, బుమ్‌థాంగ్ వైపు ఉరా ఊళ్ళో వీటికోసమే పండగ చేస్తారు. ఊరివాళ్ళ వెంట అడవికి వెళ్ళి ఆకులు పక్కకి తీసి వెతకడం, తెచ్చినదాన్ని వెన్నలో వేయించి అక్కడే తినడం. పిల్లల్ని తీసుకెళ్తే జన్మంతా చెప్పుకుంటారు. జూలైలో హా లోయలో వేసవి పండగ ఉంటుంది. కాపరుల గుడారాలు, జడలబర్రె పాల జున్ను, ఊరి ఆటలు, అన్నీ ఒకచోటే చూడొచ్చు.

సెప్టెంబరు ఇరవై దాటాక ఒక రోజు వాళ్ళకి ప్రత్యేకం. వానలు వెనక్కి తగ్గాయని గుర్తుగా ఆ రోజు నీళ్ళన్నీ పవిత్రమవుతాయని నమ్మి, పొద్దున్నే ఆరుబయట తలంటు పోసుకుంటారు. ఆ మర్నాటి నుంచే శరదృతువు వచ్చినట్టు లెక్క. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం కడిగిన అద్దంలా ఉంటుంది కాబట్టి యాత్రికులూ ఎక్కువే, గదుల అద్దెలూ ఎక్కువే. థింఫు త్సేచు సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది.

పారో లోయలో ఈ రోజుల్లో ఇళ్ళ కప్పులన్నీ ఎర్రగా ఉంటాయి. మిరపకాయలు ఎండబోస్తారు. మన గుంటూరు కల్లాల్లో నేలమీద పరిచేది వాళ్ళు ఇంటి కప్పుమీద పరుస్తారు, అంతే తేడా. వాళ్ళకి మిరపకాయ పోపులో వేసే దినుసు కాదు, ఏకంగా కూరగాయ. ఎమా దాట్షి అని వాళ్ళ అన్నంలోకి రోజూ ఉండే కూర ఉంది కదా, అది మిరపకాయల్ని నిలువుగా చీల్చి జున్నులో ఉడికించిందే. మన కారానికి అలవాటుపడ్డ నాలుకలు దాని ముందు తడబడవు, పైగా రెండోసారి వడ్డించుకుంటాయి. కారం తినని పిల్లలకి బంగాళాదుంపతో చేసే కెవా దాట్షి ఉంది. శాకాహారులకి ఇబ్బంది లేదు, పప్పు అన్నిచోట్లా దొరుకుతుంది. హా లోయకి వెళ్తే బక్‌వీట్ పిండితో చేసే హోయెంటె కుడుములు అడిగి తినండి. వెన్న, ఉప్పు వేసి కాచే సుజా టీ మొదటి గుక్కలో కొత్తగా ఉంటుంది. దాన్ని టీ అనుకోకుండా చలికి తాగే చారు అనుకుంటే ఇష్టంగా దిగుతుంది.

నడిచే కాళ్ళున్నవాళ్ళకి శరత్తుకి మించిన కాలం లేదు. పారో నుంచి థింఫుకి కొండల వెన్నుమీద ఐదారు రోజుల డ్రుక్ పాత్ ట్రెక్ ఉంది. జొమొల్‌హరి శిఖరం అడుగుదాకా వెళ్ళే దారి ఉంది. అన్నిటికంటే కష్టమైనది స్నోమ్యాన్ ట్రెక్, మూడు వారాలు దాటిపోతుంది. ఇవేవీ మనవల్ల కాదనుకునేవాళ్ళకి ఇంకో మంచి కబురు. పశ్చిమాన హా నుంచి తూర్పున త్రాషిగాంగ్ దాకా పూర్వం యాత్రికులూ, రాజుగారి కబుర్లు మోసే వార్తాహరులూ నడిచిన పాత బాట ఒకటుంది. మోటారు రోడ్లు పడ్డాక పొదలు కమ్మి మూసుకుపోయింది. దాన్ని బాగుచేసి, వంతెనలు కట్టి, 403 కిలోమీటర్ల ట్రాన్స్ భూటాన్ ట్రెయిల్ పేరుతో 2022లో మళ్ళీ తెరిచారు. అంతా నడవక్కర్లేదు. దోచులా నుంచి పునాఖా వైపు దిగే ముక్క లాంటివి ఒక పూటలో నడిచి, కింద బండి ఎక్కేయొచ్చు.

నన్ను ఒకే ఒక్క నెల చెప్పమంటే మాత్రం నవంబరు అంటాను. కారణం ఫోబ్జిఖా. దాదాపు 3,000 మీటర్ల ఎత్తులో, మంచుకాలపు హిమానీనదాలు వెడల్పు చేసిన లోయ. అడుగున చిత్తడి నేల, చుట్టూ పైన్ అడవులు, గుట్టమీద గాంగ్‌టే మఠం. అక్టోబరు చివర మొదలుపెట్టి టిబెట్ నుంచి నల్లమెడ కొంగలు కొన్ని వందలు ఇక్కడికి దిగుతాయి. సారసాల జాతి, మనిషి నడుము దాటే ఎత్తు. ఫిబ్రవరి, మార్చి దాకా ఉండి వెళ్తాయి. వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ మఠం చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణ చేస్తాయని ఊరివాళ్ళు చెప్తారు. నవంబరు 11న మఠం ముంగిట్లో కొంగల పండగ. బడిపిల్లలు రెక్కలు కట్టుకుని కొంగల నాట్యం చేస్తారు. 1998 నుంచి ఈ పండగ జరుగుతోంది.

ఆ లోయకి కరెంటు వచ్చినప్పటి సంగతి మీకు చెప్పితీరాలి. స్తంభాలు పాతి తీగలు లాగితే ఎగిరే కొంగలు తగిలి చస్తాయి. అందుకని లోయలో తీగల్ని భూమిలోపల వేశారు. ఖర్చు ఎక్కువ, పని ఎక్కువ, పేద దేశం. అయినా అలాగే చేశారు. కొల్లేరు, నేలపట్టు, ఉప్పలపాడు పక్షుల్ని ప్రేమించేవాళ్ళెవరైనా ఫోబ్జిఖాలో ఒక రాత్రి ఉండి రావాలని నా కోరిక. గాంగ్‌టే గుట్ట నుంచి లోయ అంచునే దిగే నడక దారి రెండు గంటల్లో పూర్తవుతుంది. పక్షుల దగ్గరికి పోకూడదు, దారి వదలకూడదు. పరిశీలన కేంద్రంలో దుర్భిణులు పెట్టి ఉంటాయి.

ఇక చలికాలం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మనవాళ్ళు భయపడి వదిలేసేదీ, నిజానికి మన పెద్దవాళ్ళకి బాగా సరిపడేదీ ఇదే. పునాఖాలో పగలు ఎండ హాయిగా ఉంటుంది. మో చూ, ఫో చూ అనే రెండు నదులు కలిసేచోట 1637లో షబ్‌డ్రుంగ్ ఙవాంగ్ నమ్‌గ్యాల్ కట్టించిన జోంగ్ ఉంది. భూటాన్ని ఒక్క దేశంగా కూర్చినవాడు ఆయనే. 1950ల దాకా పునాఖాయే రాజధాని. ఇప్పటి రాజుగారి పెళ్ళి 2011లో జరిగిందీ ఈ జోంగ్‌లోనే. భిక్షువుల సంఘం చలికాలం ఇక్కడే కాబట్టి ఆ నెలల్లో వెళ్తే మంత్రపఠనంతో, కాషాయాలతో, బూరల మోతతో నిండుగా ఉంటుంది. వేరే కాలంలో చూసినదానికీ దీనికీ చాలా తేడా. నదిలో తెప్పమీద మెల్లగా సాగే రాఫ్టింగ్ కూడా ఉంది. అదృష్టం బాగుంటే ఒడ్డున తెల్లపొట్ట నారాయణపక్షి కనబడుతుంది. ప్రపంచం మొత్తంమీద వందలోపే మిగిలిన పక్షి అది.

దారిలో దోచులా దగ్గర ఆగాలి. 2003లో దక్షిణ సరిహద్దు అడవుల్లో జరిగిన సైనిక చర్యలో పోయినవాళ్ళ స్మృతికి రాజమాత 108 స్తూపాలు కట్టించారు. చలికాలం పొద్దున్న, మబ్బు లేని వేళ, ఆ స్తూపాల వెనక హిమాలయ శిఖరాలన్నీ వరసగా కనిపిస్తాయి. గాంగ్‌ఖర్ పుయెన్సమ్ కూడా. ప్రపంచంలో మనిషి ఇంతవరకు ఎక్కని అతి ఎత్తైన పర్వతం అది. ఎక్కలేకపోవడం ఒక్కటే కారణం కాదు. కొండలమీద దేవతలుంటారని నమ్మే పల్లెల మాట మన్నించి, 1994లో 6,000 మీటర్లు దాటిన శిఖరాలు ఎక్కకూడదన్నారు, 2003 నుంచి పర్వతారోహణే మొత్తంగా ఆపేశారు. పర్మిట్లు అమ్ముకుంటే డాలర్లు కురిసే చోట వాళ్ళు ఆ ఆదాయం వద్దనుకున్నారు. ఈ మాట తలుచుకుంటే నాకు ఆ దేశంమీద గౌరవం పెరుగుతుంది.

చలికాలపు సుఖం ఇంకోటి ఉంది. ఏటిరాళ్ళని కట్టెల మంటలో ఎర్రగా కాల్చి, చెక్కతొట్టి నీళ్ళలో దింపుతారు. రాయి చిటపటమని పగులుతుంది, నీళ్ళు కాగుతాయి, అందులో కొండమీది మాచిపత్రి జాతి ఆకు వేస్తారు. ఆ తొట్టిలో అరగంట కూర్చుంటే నడిచిన కాళ్ళ నొప్పులు పోతాయి. పల్లెల్లో ఇళ్ళదగ్గరే ఈ ఏర్పాటు ఉంటుంది, ముందు చెప్తే సిద్ధం చేస్తారు.

అన్నట్టు, విలువిద్య వాళ్ళ జాతీయ క్రీడ. ఒలింపిక్స్‌లో బాణం వేసే దూరం 70 మీటర్లు, వీళ్ళది దాదాపు 145. అవతలి చివర చిన్న చెక్క గురి. ఎవరిదైనా తగిలితే వాళ్ళ జట్టంతా వరసకట్టి పాటపాడుతూ అడుగులేస్తుంది. థింఫులో చాంగ్‌లిమిథాంగ్ మైదానం దగ్గర సెలవు రోజుల్లో ఊరికే వెళ్ళి కూర్చోవచ్చు. పల్లెల్లో పొలాలు ఖాళీ అయ్యాక, వాళ్ళ సంవత్సరాది లోసార్ రోజుల్లో ఈ పందేలు బాగా జోరుగా సాగుతాయి.

తక్‌సంగ్ మాట ఇంకా ఎత్తలేదేమని చూస్తున్నారా? పులిగూడు మఠం. పారో లోయ నేల నుంచి దాదాపు 900 మీటర్ల పైన, నిట్టనిలువు బండకి అంటుకుని ఉంటుంది. పద్మసంభవుడు ఆడపులిమీద ఎగిరివచ్చి ఇక్కడి గుహలో తపస్సు చేశాడని కథ. మఠం కట్టింది 1692లో. 1998లో నిప్పంటుకుని చాలా భాగం కాలిపోతే, పాత రూపంలోనే మళ్ళీ కట్టుకున్నారు. ఎక్కడానికి రెండు మూడు గంటలు పడుతుంది. ఏడింటికల్లా నడక మొదలుపెడితే ఎండ ముదరకముందే పైన ఉంటారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు సగం దారిలో టీ దొరికే చోటుదాకా గుర్రంమీద వెళ్ళొచ్చు, దిగేటప్పుడు మాత్రం నడవాలి. ఆ టీ దొరికే చోటు నుంచి మఠం ఎదురుగా పూర్తిగా కనిపిస్తుంది. అక్కడ ఆగిపోయినవాళ్ళు ఏదో పోగొట్టుకున్నామని బాధపడక్కర్లేదు. దీన్ని వచ్చిన రోజే పెట్టుకోకండి. ఎత్తుకి ఒళ్ళు అలవాటుపడ్డాక, ప్రయాణం చివర్లో పెట్టుకోండి.

ఖర్చు సంగతి అడుగుతారని తెలుసు. భూటాన్ 1974లో విదేశీ యాత్రికులకి తలుపులు తెరిచింది. అప్పట్నించీ వాళ్ళ పద్ధతి ఒకటే, తక్కువమంది రావాలి, వచ్చినవాళ్ళు నేలకి బరువు కాకూడదు. ఇప్పుడు విదేశీయులు రాత్రికి 100 డాలర్ల రుసుము కడుతున్నారు. మన భారతీయులకి మనిషికి రాత్రికి 1,200 రూపాయలు. పిల్లలకి తగ్గింపులున్నాయి. నలుగురు పెద్దవాళ్ళు ఐదు రాత్రులుంటే 24 వేలు అవుతుంది. “ఏమీ చూడకుండానే ఇంతా?” అని కొందరు నొచ్చుకుంటారు. ఆ డబ్బు అక్కడి బడులకీ ఆస్పత్రులకీ అడవులకీ పోతుంది. నేలలో అరవై శాతం ఎప్పటికీ అడవిగానే ఉండాలని 2008లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు, నిజానికి అంతకంటే ఎక్కువే ఉంది. మనం చూడబోయే అడవికి మనం కట్టే కాపలా కూలి అనుకుంటే 1,200 భారం అనిపించదు.

వెళ్ళే దారి రెండు రకాలు. ఢిల్లీ, కోల్‌కతా, బాగ్‌డోగ్రాల నుంచి పారోకి విమానాలున్నాయి. ఢిల్లీ నుంచి వెళ్ళేవాళ్ళు ఎడమ కిటికీ అడగండి, ఎవరెస్టు, కాంచనజంగ ఆ పక్కనే ఉంటాయి. రైలు ఇష్టమైతే విజయవాడ మీదుగా గౌహతి పోయే బండ్లలో న్యూ జల్పాయ్‌గురి దాకా వెళ్ళి, అక్కణ్ణించి రోడ్డు మీద జయగావ్ చేరితే, ఒక గేటు దాటగానే ఫుంట్‌షోలింగ్. పెద్దవాళ్ళకి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, పిల్లలకి జనన ధ్రువపత్రం ఉంచుకోండి. మన రూపాయి అక్కడ చెల్లుతుంది, వాళ్ళ కరెన్సీతో సమానం. గడియారం అరగంట ముందుకి తిప్పుకోండి. జోంగ్‌లలోకి పూర్తి చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు ఉండాలి, టోపీ తీసేయాలి. గర్భగుడిలో ఫొటోలు వద్దు. స్తూపానికి ప్రదక్షిణ మన గుళ్ళో చేసినట్టే.

మనకీ వాళ్ళకీ పాత బంధుత్వం కూడా ఉందండోయ్. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది ధాన్యకటకంలోనే అని వజ్రయాన సంప్రదాయం నమ్ముతుంది. అంటే మన అమరావతి. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర ఉత్సవం జరిపారు. జోంగ్ గోడలమీద కాలచక్ర మండలం కనబడ్డప్పుడు, మేము కృష్ణ ఒడ్డున ఆ ఊరి వైపు నుంచి వచ్చామని చెప్పండి. భిక్షువుల ముఖంలో ఆదరం ఎలా మారుతుందో చూడండి.

సరే, ఇప్పుడు తేల్చుకుందాం. పూలూ పండగా కావాలంటే ఏప్రిల్. పొలం అంటే జూన్. పుట్టగొడుగు, పిల్లలు అంటే ఆగస్టు. ట్రెక్కింగ్ అంటే అక్టోబరు. కొంగలకి నవంబరు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తే జనవరిలో పునాఖా. నెల తేలాక ఆ నెలకి తగ్గ రెండు మూడు లోయలే ఎంచుకోండి. ఒక్కోదాంట్లో కనీసం రెండు రాత్రులు ఉండండి. ప్యాకేజీవాళ్ళు పది పేర్ల జాబితా చూపిస్తే ఆరు కొట్టేయమనండి.

వెళ్ళాక ఒక్క పని చేయండి. మీకు తోడొచ్చే గైడుని మొదటి రోజే అడగండి, ఈ నెలలో మీ ఊళ్ళో, మీ ఇంట్లో ఏం పని జరుగుతోంది అని. చాలామంది రైతుకుటుంబాల పిల్లలే. అక్టోబరైతే వరి కోస్తున్నాం అంటాడు. ఆగస్టైతే అమ్మ పుట్టగొడుగులకి అడవికి వెళ్ళిందంటాడు. జనవరైతే అన్నయ్య బాణాల పందెంలో ఉన్నాడంటాడు. మేమూ రావచ్చా అని అడగండి, మొహమాటపడొద్దు. మర్నాటి కార్యక్రమంలో ఇంకేదైనా తీసేసి అక్కడికి వెళ్ళండి.